త్రివేణి దొంగతనంగా తాగలేదు

శ్రీవారికి హేమ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ అత్తమ్మా బాగున్నాం. అక్కడ మీరూ, మీ ఖోఖో పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఫోనులో నన్ను మాట పూర్తి చేయనివ్వరు కాబట్టి, అక్కడికి వస్తున్న ఈశ్వరప్ప సారు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మీరు అడిగినవి ముందు చెబుతాను. అత్తమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మొన్న తనే వేరుశనగ కాయలు ఎండబోసింది. వాన జాడ లేదు. మీ సన్మానానికి ఫ్లెక్సీ వచ్చింది. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కప్పులన్నీ మీ చుట్టూ పేర్చారు, ఒక్క పిల్ల మొహం లేదు. త్రివేణి బరువు రాత్రి సరిపోయి తెల్లారేసరికి ఎలా పెరిగిందో, తూకం మిషను ఎవరికైనా చూపించమన్నారు కదా. చూపించాను. మిషనులో తప్పేమీ లేదు.

కబడ్డీ సెలక్షన్ల ముందురోజు, బరువు హద్దుకు కిలో ఎక్కువుందని, ఆ పిల్లకు మిట్టమధ్యాహ్నం స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగి మన పెరట్లో పరుగెత్తించారు. బుగ్గన చింతపండు పెట్టించి, ఊరిన ఎంగిలంతా మగ్గులో ఉమ్మించారు.

"నాలిక అంటుకపోతాంది సార్, ఒక్క గుక్క..."

"నీళ్లు తాగితే కప్పు యాడికి పోతాదో తెలుసు కదా? ఉమ్ము!"

కెప్టెన్ చౌడేశ్వరి పక్కనుంచి, "పెండ్లిలో మాదిరి తింటివి గదే, ఉమ్ము ఇప్పుడు" అంది. మీరు నవ్వారు.

ఆ మగ్గు కడిగింది నేను. ఇప్పుడు హాల్లో కప్పులు తుడవబోతే అదే పులిసిన వాసన. మీ చేతికింద ఆడిన పిల్లలు పోలీసులయ్యారు, రైల్వేలో చేరారు, అబద్ధం కాదు. ఎమ్మే చదివిన నేను ఇన్నాళ్లూ ఆ మాటతోనే సర్దుకున్నాను. ఇప్పుడు ఆ సర్దుకోవడమే రోతగా ఉంది.

మర్నాడు పొద్దున్నే, తూకానికి ముందు, మీరు జీపు కోసం వెళ్లినప్పుడు త్రివేణికి నీళ్లిచ్చింది నేనే. "సార్ కొడతాడు మేడం" అంది. "నేను చెప్తాలే, తాగు" అన్నాను. గటగటా తాగి, మజ్జిగ కూడా అడిగింది. తూకంలో తప్పాక మీరు అందరి ముందూ "దొంగదానా, యాడ తాగినావే?" అని అరిస్తే ఆ పిల్ల నా పేరు ఎత్తలేదట. ఇంటికొచ్చి మీరు ఇంకా తిడుతుంటే నేనూ నోరు మెదపలేదు. జాలితో ఇచ్చానా, మీరు ఒక్కసారైనా ఓడితే చూడాలని ఇచ్చానా? ఎంత ఆలోచించినా తేలడం లేదు.

దొంగ అని పేరు పెట్టి వాలీబాల్ జట్టులోంచి కూడా తీసేయమన్నారట. వాళ్లమ్మ నల్లమ్మ నిన్న మన గుమ్మంలోకి వచ్చింది. "ఆట లేకుంటే బడి మాన్పించి నాతో కూలికి పంపుతానంటాండాడు వాళ్ల నాయన. మా పాప దొంగతనంగా తాగినాదంట, నిజమామ్మా?"

"లేదు నల్లమ్మా, నేనే ఇచ్చినాను."

"మరి ఆ మాట సారుకు చెప్పేకేమి? నీకూ భయమా?"

సాయంత్రం హెడ్మాస్టరు గారికి అంతా చెప్పాను. త్రివేణి జట్టులో ఉంటుందన్నారు. మీరొచ్చి తీసేస్తే ఎందుకు తీసేశారో ఊరందరికీ నేనే చెబుతాను. సన్మానానికి రాను.

ఈ పొద్దు గ్రౌండు మధ్యలో నీళ్ల బిందె పెట్టించాను. పిల్లలు పరుగెత్తుకొచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ గ్లాసు ముట్టలేదు. చౌడేశ్వరే మెల్లగా అడిగింది: "తాగితే సార్‌కు చెప్పవు కదా మేడం?"

చెబుతానన్నాను. ఇదిగో, చెబుతున్నాను. అందరూ తాగారు.

ఇట్లు
మీ భార్య
హేమ