ఒకే ఒక్క అభ్యంతరం

ప్రియమైన అక్కా,

ఇక్కడ అందరం క్షేమం, నా చెత్త యార్డు తప్ప. ఈ నెలాఖరుతో లైసెన్సు గడువు తీరిపోతోంది. రెన్యువల్‌కి ముందు మన సందులో ఇల్లున్న ప్రతి ఒక్కరికీ మున్సిపల్ ఆఫీసువాళ్ళు నోటీసు పంపుతారు, అభ్యంతరం ఉంటే రాసివ్వమని. పోయినసారి ఒక్కరూ రాయలేదు. ఈసారి ఎవరో మహానుభావులు రాశారు! వానొస్తే షెడ్డు వెనక నుంచి నల్లనీళ్ళు సందులోకి పారుతున్నాయట. గచ్చు కాలువ, ఆ నీళ్ళకో గుంట కట్టేదాకా లైసెన్సు ఇవ్వొద్దట. రాసినవాళ్ళ పేరు విచారణ రోజునే చెబుతారట.

ఇంకెవరు, ఎదురింటి టైలరే! మొన్న మా యార్డు లారీ తన గుమ్మానికి అడ్డం పెట్టారని గొడవపడ్డాడు. ఆయనతో మాటలు మానేశాను. గేటు మూతపడితే నన్ను నమ్ముకున్న తొమ్మిది మంది పనివాళ్ళు ఏమైపోతారే? ముద్ద దిగడం లేదు.

నీ చెల్లి

నా బంగారు గయ్యాళీ,

టైలరును తిట్టడం ఆపి ముందు మేస్త్రీని పిలు. ఎవరు రాస్తేనేం, రాసింది అబద్ధమా? పోయిన వానల్లో నేను చెప్పులు చేతబట్టుకుని ఆ సందు దాటాను. ఆ మాటంటే "చెత్త యార్డులో పన్నీరు పారుతుందా అక్కా" అని నవ్వేశావు. సందు చివర అందరూ తాగే బావి ఉందే తల్లీ. చిన్నప్పటి నుంచీ ఇంట్లోవాళ్ళు చెబితే నీ చెవికెక్కదు.

కోపగించుకోకు. వేళకు తిను.

మీ అక్క

అక్కా, మా అమ్మలాంటి అక్కా,

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో నీకు తెలుసు. విచారణలో నేను టైలరు వంక గుడ్లురిమి చూస్తుంటే, ఆఫీసరు చదివింది నీ పేరు! ఈ సందులోని నాన్న ఇంట్లో సగం నీదని, నోటీసు నీకూ వస్తుందని నాకు తట్టనే లేదు. సొంత అక్కే పొట్టకొట్టిందని ఏడ్చాను. కాలువ కట్టడానికి గడువిచ్చారు. పళ్ళు కొరుకుతూ కట్టించాను.

అది పూర్తయిందో లేదో వాన పట్టుకుంది. వదిలితే ఒట్టు! నల్లనీళ్ళన్నీ గుంటలోకే పోయాయి. ఊరవతల ఉన్న ఇంకో చెత్త యార్డుకు కాలువ లేదు. అక్కడి బావి పాడై పిల్లలు మంచాన పడ్డారు, యార్డుకు సీలు వేశారు. మన బావి నీళ్ళు పరీక్ష చేసి, బాగున్నాయన్నారు. నిన్న లైసెన్సు చేతికొచ్చింది. తొమ్మిది మందీ పనిలోనే ఉన్నారు. అంతా నీ చలవే అక్కా. నీ రుణం ఎలా తీర్చుకోను?

టైలరు దగ్గరికెళ్ళి, "తప్పయిపోయింది అన్నయ్యా, మీతో మాటలు మానేశాను" అన్నాను. "మానేశారా? మీకు గొంతు పట్టేసిందనుకున్నానమ్మా" అన్నాడు.

మళ్ళీ రెన్యువల్ ఐదేళ్ళకు. నోటీసు అందగానే వచ్చి యార్డంతా తిరిగి చూడు. లోపం కనబడితే నాకు మాత్రం చెప్పకు, నవ్వేస్తాను. ఆఫీసుకే రాసెయ్.

నీ గయ్యాళి