గోడ మీది నూలు లెక్క

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో నీ మనవరాలి ట్యూషన్ సారుతో గొడవపడి వచ్చాను. ఇంకా ఒళ్ళు మండుతోంది.

పరీక్షలో ప్రశ్న నీకోసమే అడిగినట్టుంది. రెండు కిలోల నూలుకు ఐదు గ్లాసుల రంగు పడితే ఎనిమిది కిలోలకు ఎంత? సింధు పట్టిక గీసింది: రెండుకు ఐదు, నాలుగుకు పది, ఆరుకు పదిహేను. ఆ చుక్కలను గ్రాఫ్‌లో పెట్టి, సున్నా నుంచి గీత లాగి, ఎనిమిది దగ్గర ఇరవై అని చదివింది. సారు పేజీ మొత్తం కొట్టేశాడు.

"జవాబు కరెక్టే మేడం. గానీ గీ బొమ్మలేంది? ఫార్ములా రాస్తే రెండు లైన్లల్ల అయిపోతది," అన్నాడు.

"అట్ల ఎందుకొస్తదో పిల్లకు తెల్వద్దా సార్?" అని అడిగితే గడియారం చూసుకున్నాడు.

నువ్వు పెరట్లో నూలుకు రంగు వేసే రోజుల్లో, సింధు వయసులో నేను నాలుగు కిలోలకు ఏడు గ్లాసులే కలిపాను. నూలు రెండు పెరిగింది కదా అని రంగూ రెండే పెంచాను. ఎర్రగా రావాల్సిన నూలంతా పాలిపోయింది. నువ్వు తిట్టలేదు. కొత్తపేట ఇంటి పెరటి గోడ మీద బొగ్గుతో ఇదే పట్టిక రాసి, పక్కనే నా చేత గీత గీయించావు.

తిరిగి వస్తూ మెట్రోలో సింధుకు ఆ గోడ సంగతి చెప్పాను. ఎల్‌బీ నగర్‌లో దిగుతుంటే అడిగింది: "అమ్మా, తాత రాసిన గోడ చూపిస్తవా?"

సారును అన్నేసి మాటలన్న నేను, దాని చెయ్యి పట్టుకుని గబగబా మెట్లు దిగాను. కిరాయికి వచ్చేవాళ్ళు మరకలున్నాయన్నారని, పోయిన నెల ఆ గోడకు పెయింట్ వేయించింది నేనే నాయినా.