మేనత్తలకు బకెట్లు నిషేధం

పార్కు క్వార్టర్సు,
జూన్ మొదటివారం

యూనిస్ అత్తకు,

మెట్ట మీద అందరూ కులాసా అనీ, మొక్కజొన్న మొలిచిందనీ, కాకులు ఈ ఏడైనా మీ చేనుని వదిలేశాయనీ తలుస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం. రేంజరు టోపీ పెట్టుకుని రోజూ జనాన్ని కొండచరియలోని పాత ఇళ్ళకి తీసుకెళ్ళి చూపిస్తున్నాను. "ఈ ఇళ్ళు కట్టినవాళ్ళంతా ఏమైపోయారు?" అని ఎవరో ఒకరు అడగని రోజు లేదు. "దక్షిణానికి పోయి మా తాతలయ్యారు" అంటే నన్ను పక్కన నిలబెట్టుకుని ఫొటో తీయించుకుంటారు.

ఇక అసలు సంగతి. నేను పెళ్ళి చేసుకుంటున్నాను. పిల్ల పేరు సిగ్రిడ్. మినసోటా నుంచి వచ్చిన తెల్లపిల్ల. ఈ పార్కులోనే పాతగోడల మరమ్మతు పని చూస్తుంది. అమ్మ సరేనంది. మిగిలింది మీరే, నాన్న అక్కచెల్లెళ్ళు.

మన పద్ధతి నాకు తెలియంది కాదు. మనలో మేనల్లుడంటే మేనత్తలకి వేళాకోళానికి మొగుడు. వాడికి పెళ్ళనగానే మేనత్తలంతా బకెట్లతో దండెత్తి వస్తారు. "మా మొగుణ్ణి ఎత్తుకుపోతావా దొంగమొహమా" అని పెళ్ళికూతుర్నీ, దాన్ని ఇంట్లోకి రానిచ్చినందుకు పెళ్ళికొడుకు తల్లినీ తిట్టి, నెత్తి మీదనుంచి బురద పోస్తారు. మా అన్న పెళ్ళిలో వదిన చెవిలోంచి మట్టి తియ్యటానికి నర్సమ్మ రావలసివచ్చింది.

సిగ్రిడ్‌కి ఇదేమీ చెప్పలేదు. నెమ్మదైన పిల్ల. రోజంతా మట్టితోనే పని, అయినా సాయంత్రానికి చొక్కా మీద మరక ఉండదు. మీరు ఒక్క ముద్ద విసిరితే తర్వాతి బస్సెక్కి మినసోటా పోతుంది. ఆమె పోతే నేను బతికి చేసేదేమీ లేదు. సిగ్గు విడిచి రాస్తున్నాను.

అందుకని ఆలోచించి ఆలోచించి ఒక ఏర్పాటు చేశాను. మీరంతా జులైలో పార్కుకే రండి. పొద్దుటి టూరు మీకోసం నేనే నడిపిస్తాను. మన పెద్దల ఇళ్ళు చూసినట్టూ ఉంటుంది, పిల్లని చూసినట్టూ ఉంటుంది.

ఇట్లు,
నీ మేనల్లుడు మెర్విన్

తా.క. పార్కు నియమాల ప్రకారం పాత ఇళ్ళ దగ్గరికి మట్టి, బకెట్లు తేవటం నిషేధం. అందరికీ చెప్పే మాటే, నీకూ చెబుతున్నాను.


రెండో మెట్ట,
జూన్ రెండోవారం

ఒరేయ్ నా చిన్నమొగుడా,

నీ ఉత్తరం చదివి నా గుండె పగిలింది. మీ లోర్నా అత్తకి చదివి వినిపిస్తే దాని గుండే పగిలింది. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని మటన్ పులుసు తిన్నాం. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడే నిన్ను నేను చేసుకుంటానని నలుగుర్లో చెప్పాను. నువ్వేమో మినసోటా దాకా పోయావు. ఇక్కడ ఏం తక్కువైందిరా?

ఫోను చెయ్యమని మీ అమ్మ అంది. చెయ్యను. ఫోనులో తిడితే గాలికి పోతుంది. ఉత్తరంలో తిడితే దాచుకుని మళ్ళీ మళ్ళీ చదువుకుంటావు.

నువ్వు ఉత్తరంతో పంపిన పార్కు కాగితంలో "ఇక్కడి ప్రజలు అదృశ్యమయ్యారు" అని రాశారు. ఎవరు రాశారురా? ఇల్లు మారితే అదృశ్యమైనట్టా? మా... పేరు నోటికి రావటం లేదు, ఆ మూలింటివాళ్ళు నిరుడు కిందికి దిగి రోడ్డు పక్కన కట్టుకున్నారు. వాళ్ళూ అదృశ్యమయ్యారా? రోజూ వచ్చి ఉప్పు అడుగుతూనే ఉన్నారు.

బురద సంగతి. మేం విసిరేది కోపంతో అనుకుంటున్నావా? పిల్లవాణ్ణి కిమ్మనకుండా ఇచ్చేస్తే వాడికేం విలువ? "తీసుకుపోండి, మాకు అడ్డం వదిలింది" అన్నట్టు ఉండదూ? నీకోసం మేం కొట్లాడకపోతే ఇంకెవరు కొట్లాడతారు?

సరే, వస్తాం. ఐదుగురం. నిచ్చెనలు ఎన్ని, ఎంత ఎత్తో రాయి. పాకుతూ పోవలసిన సొరంగం ఒకటుందని కాగితంలో ఉంది. దాని వెడల్పు కూడా రాయి. లోర్నా నీకు తెలుసుగా.

నీకోసం ఏడుస్తున్న,
యూనిస్ అత్త

తా.క. బకెట్లు వద్దన్నావు సరే. తాగే నీళ్ళు తెచ్చుకోవచ్చా? మనిషికి ఎంత?


పార్కు క్వార్టర్సు,
జూన్ మూడోవారం

అత్తా,

నీ తా.క. చదవగానే నాకు అర్థమైంది. నీ ఎత్తులు నా దగ్గరా? మనిషికి ఒక సీసా. మూత తియ్యటం, మూతికి పెట్టుకోవటం, మూత పెట్టటం. అంతే. మట్టి పార్కులోంచి తీసుకుపోవటం నేరం, పార్కులోకి తేవటం నేరం, పార్కులోనే తవ్వటం ఇంకా పెద్ద నేరం. తిండి కూడా పాత ఇళ్ళ దగ్గరికి రానివ్వరు. కనక మీరు చేసే పల్చటి మొక్కజొన్న పీకీ రొట్టెలు కారులోనే ఉంచండి. బురదంత జారుగా తడిపిన పిండి కూడా నిషేధమే. నువ్వు అడగబోయేది అదేనని నాకు తెలుసు.

ఈ దేశంలో మేనత్తల నుంచి పెళ్ళికూతురికి పూర్తి రక్షణ ఉన్న చోటు ఇదొక్కటే. ఊరికే ఎంచుకున్నాననుకున్నావా?

నిచ్చెనలు రెండు. ఒకటి మూడంతస్తుల ఎత్తు. సొరంగం నేను భుజాలు ముడుచుకుంటే పట్టేంత ఉంటుంది. లోర్నా అత్త పైన బల్ల మీద కూర్చుని చూడవచ్చు. అక్కణ్ణుంచి కూడా అన్నీ కనిపిస్తాయి.

ఇట్లు,
తాడిని తన్నేవాడి తల తన్నే మెర్విన్

తా.క. గోడలు ముట్టుకోకూడదు. ఒక్క వేలు కూడా.


రెండో మెట్ట,
జూన్ ఆఖరు

మెర్విన్,

నీ ఉత్తరం అందింది. బల్ల మీద కూర్చోమన్నావని లోర్నాకి చెప్పాను. అప్పట్నుంచీ అది రోజూ ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య సందులోంచి పాకటం సాధన చేస్తోంది. నిన్న ఇరుక్కుంది. ఫ్రిజ్ జరిగింది. లోర్నా జరగలేదు.

నేను బాగా ఆలోచించాను. నువ్వు చెప్పిందే నిజం. కాలం మారింది. మేమూ పెద్దవాళ్ళమయ్యాం, మోకాళ్ళు సహకరించటం లేదు, ఇంకా బురదలేమిటి? ఆ పిల్లని బెదరగొట్టం.

కానీ ఒక మాట. నువ్వు పంపిన ఫొటోలో ఆ గోడ చూశాను. మట్టిపూత ఊడి రాళ్ళు కనిపిస్తున్నాయి. మన ఆడవాళ్ళు కట్టిన ఇల్లు అలా వదిలేస్తారా? ఏ ఇల్లాలిదిరా ఆ ఇల్లు? మేం ఐదుగురం చిన్నప్పట్నుంచీ గోడలు మెత్తినవాళ్ళం. మన పూత ఎలా వేస్తారో మీ వాళ్ళకి ఒకసారి చూపిస్తాం. అసలు గోడ వద్దంటే వేరే ఏదన్నా గోడ చూపించండి. మీ పెద్దాయన్ని అడుగు. పుణ్యం ఉంటుంది.

దీవెనలతో,
యూనిస్ అత్త

తా.క. మట్టీ నీళ్ళూ పార్కువాళ్ళవే అయితే నియమం తప్పినట్టు కాదుగా? ఊరికే అడుగుతున్నాను.


పార్కు క్వార్టర్సు,
జులై మొదటివారం

ప్రియమైన అత్తా,

నువ్వు ఇంత మంచిదానివని ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాను. నీ ఉత్తరం పట్టుకుని మా సూపరింటెండెంటు ప్రూయిట్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "కట్టినవాళ్ళ మనవరాళ్ళు వచ్చి మనకి పని నేర్పిస్తారా? ఇంతకన్నా కావలసిందేముంది" అన్నారు. అసలు గోడలు వద్దుగాని, సొరంగం దాటాక ఖాళీస్థలంలో ఒక నమూనా గోడ కట్టిస్తామన్నారు. మట్టి జల్లించటం, నీళ్ళు మొయ్యటం అంతా మావాళ్ళే. ఈ పని మొత్తం ఎవరికి అప్పగించారో తెలుసా? సిగ్రిడ్‌కి! నేను నోరు విప్పకుండానే ఆమె ముందుకొచ్చి, నేను చేస్తానంది.

ఇప్పుడు చూడు, ఎంత చక్కగా కుదిరిందో. మీరు గోడ మెత్తుతూ ఉంటారు, ఆమె మట్టి అందిస్తూ ఉంటుంది, మాటలు కలుస్తాయి. నా తెలివికి నాకే ముచ్చటేస్తోంది. అమ్మ కూడా వస్తానంది.

ఇట్లు,
మీ అదృష్టవంతుడు మెర్విన్

తా.క. మిమ్మల్ని కలవటానికి సిగ్రిడ్ కొత్త తెల్లచొక్కా కుట్టించుకుంది. మట్టిపని రోజున తెలుపేమిటని అడిగితే నవ్వి ఊరుకుంది. ఎంత అమాయకురాలో!


రెండో మెట్ట,
జులై రెండోవారం

మెర్విన్,

శనివారం పొద్దున్నే బయల్దేరుతున్నాం. నువ్వు టూరు బాగా నడిపించు. తప్పులు చెబితే అందరి ముందూ దిద్దుతాను.

యూనిస్ అత్త

తా.క. మట్టి బాగా జారుగా కలపమను. గట్టిగా ఉంటే దెబ్బ తగులుతుంది. గోడకి.


పార్కు క్వార్టర్సు,
సోమవారం

శ్రీమతి యూనిస్ గారికి,

అత్తా అని రాయటానికి చెయ్యి రావటం లేదు.

టూరు ఎంత బాగా మొదలైంది! నిచ్చెన మీద నువ్వు మధ్యలో ఆగి, కింద క్యూలో ఉన్నవాళ్ళకి "అదృశ్యమైనవాళ్ళం మేమే, బాగా చూసుకోండి" అని చెయ్యి ఊపినప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆ తర్వాత లోర్నా అత్త సొరంగంలో ఇరుక్కుంది. మిగతావాళ్ళంతా ముందుకి వెళ్ళిపోయారు. నేను వెనకనుంచి ఆవిడ బూట్లు తోస్తూ ఉండగా అవతల కేకలు. లోర్నా అత్త "నేను లేకుండానే మొదలెట్టేశారే!" అని ఒక్క ఊపున బయటపడింది. అప్పుడే నాకు అర్థమైంది, అంతా నాటకమని.

నేను బయటికి వచ్చేసరికి అక్కడ మనుషులెవరో, గోడ ఏదో తెలియలేదు. మా అమ్మ కళ్ళు తప్ప ఏమీ కనిపించటం లేదు. నువ్వు సిగ్రిడ్ జడ పట్టుకుని "మా మొగుణ్ణి ఇవ్వవే సోమరిపోతా, నీకు రొట్టె చెయ్యటం వచ్చా!" అంటూ బకెట్ ఎత్తుతున్నావు. ప్రూయిట్ గారు నోట్‌బుక్ పట్టుకుని "పూత ఇలాగే వేస్తారా?" అని అడగబోతే రెండు చెంపలకీ పూత పడింది.

నేనేం చేశాను? మధ్యలోకి దూకాను. "ఆపండి! ఆమె మన మనిషి కాదు, ఆమెకి ఇవన్నీ పట్టవు, వదిలెయ్యండి!" అని అరిచాను. అంతా ఆగారు. సిగ్రిడ్ నావైపు ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ తలుపు తియ్యటం లేదు. ఉదయం వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి మీ అందరి తరఫునా క్షమాపణ చెప్పాను. కిటికీ కూడా మూసేసింది.

సంతోషమేనా? మీ పద్ధతి మీకు దక్కింది. నాకు దక్కాల్సింది పోయింది. పెట్టె సర్దుకుంటోందేమో కూడా తెలియదు.

మెర్విన్

తా.క. ప్రూయిట్ గారు వచ్చే ఏడాది కూడా రమ్మంటున్నారు. ఆయనకి ఇంకా అర్థం కాలేదు.


రెండో మెట్ట,
గురువారం

ఒరేయ్ తెలివైనవాడా,

కూర్చుని చదువు.

జూన్‌లో ఒక ఆదివారం, నువ్వు భుజాలు ముడుచుకుని పట్టే సొరంగం గురించి గొప్పలు రాసిన తర్వాత, నా గుమ్మం ముందు ఒక కారు ఆగింది. అందులోంచి తెల్లపిల్ల దిగింది. పట్నానికి సామాన్లకి వెళ్తున్నానని నీతో చెప్పి, పొద్దుటికల్లా మీ అమ్మ దగ్గరికి వచ్చిందట, పీకీ చెయ్యటం నేర్చుకుందామని. వేడిరాతి మీద వేళ్ళు కాల్చుకుంది. మీ అమ్మ ఆ మాటా ఈ మాటా చెబుతూ మన బురద సంగతి చెప్పేసింది. వెంటనే లేచి మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "నామీద బురద పోస్తారా, పొయ్యరా? ముందే చెప్పండి" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వబోయి దాని మొహం చూసి ఆగిపోయాను. కళ్ళనిండా నీళ్ళు. "మెర్విన్ నాకు ఈ మాటే చెప్పలేదు. వాళ్ళ వదినకి పోశారట, పిన్నులకి పోశారట. నాకు మాత్రం పొయ్యరని, నేను అంతటిదాన్ని కానని అతనికి తెలిసే దాచిపెట్టాడా?" అని అడిగింది. ఏం చెప్పమంటావు? నువ్వు బస్సు కథలు రాసి పంపావని చెప్పనా? చేయిపట్టి లోపలికి తీసుకొచ్చి పులుసు పెట్టాను. రెండుసార్లు వడ్డించుకుంది.

గోడ మెత్తే ఉపాయం నాదనుకున్నావా? ఆ పిల్లది. మీ నియమాల పుస్తకం అంతా దానికి కంఠతా. "మట్టి మీరు తేవద్దు, నేనే కలిపి ఉంచుతాను" అంది. తెల్లచొక్కా ఎందుకంటే, పడిన ప్రతి ముద్దా కనిపించాలట. శనివారం మొదటి ముద్ద విసిరింది కూడా అదే. లోర్నా బయటికొచ్చేదాకా ఆగుదామని మేం అనుకుంటుంటే, "మీ మొగుడు ఇక మీకు రాడు" అని నా నోట్లోకే కొట్టింది. మా అందరి పెళ్ళిళ్ళలోనూ అలాంటి పెళ్ళికూతురు లేదు.

అంత సంబరంలో ఉన్న పిల్ల ముందుకి దూకి నువ్వేమన్నావు? "ఆమె మన మనిషి కాదు" అన్నావు. బురదకి తలుపు వేసుకోలేదురా అది, ఆ మాటకి వేసుకుంది. మేం ఐదుగురం కలిసి దాన్ని మన మనిషిని చేస్తుంటే, నువ్వొక్కడివి ఒక్క అరుపుతో బయటికి తోసేశావు. ఇంకా పైగా మా తరఫున క్షమాపణా! బురద పడింది దాని మీద, దురద నీకు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

నాకు నీమీద కోపం వచ్చింది. ఇది వేళాకోళం కోపం కాదు, నిజం కోపం. కానీ నువ్వు దానికోసం అలా దూకటం చూశాను. చేతులు చాచి, కళ్ళు మూసుకుని, మా ఐదుగురికీ అడ్డం నిలబడ్డావు. నిన్ను వదులుకోవటానికి నా మనసు అప్పుడే ఒప్పుకుంది.

పెట్టె సర్దుకోవటం లేదు. మీ అమ్మకి నిన్న ఫోను చేసి, పెళ్ళికి పిండి ఎంత విసరాలని అడిగిందట. కనక పువ్వులు, ఉత్తరాలు పెట్టుకోకు. క్షమించమని కిటికీ దగ్గర పాడకు. వెళ్ళి ఒక బకెట్ నిండా బురద కలుపు. తీసుకెళ్ళి దాని గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి, ఎదురుగా నిలబడు.

ఇక నీకు మొగుడి వరస తీసేసిన,
యూనిస్ అత్త

తా.క. నోరు మూసుకుని నిలబడు. ఆ పిల్ల గురి నాకు తెలుసు.