ఫార్కర్ కిల్టూ, పిట్‌కెయిర్న్ గారి ఉత్తర్వూ

డింగ్‌వాల్,
గురువారం.

మర్డీనా అత్తకి, మేనల్లుడు ఫార్కర్ నమస్కరించి రాసేది.

నువ్వూ, గొర్రెలూ క్షేమమని తలుస్తాను. నేను మాత్రం క్షేమం కాదు. కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే నిలకడ లేదు. ఈ ఉత్తరం సగం కిటికీ దగ్గరా, సగం తలుపు దగ్గరా రాస్తున్నాను.

నాన్న పోయాక ఆయన కిల్ట్ నువ్వు నాకు పంపావు కదా. అప్పట్నుంచీ ఫ్యాక్టరీకి అదే కట్టుకుని వెళ్తున్నాను. ఆ ఎర్రగళ్ళ మగ పావడా కుచ్చిళ్ళు మోకాళ్ళకి తగులుతుంటే నాన్న పక్కన నడుస్తున్నట్టే ఉంటుంది. ఇవాళ మేనేజరు పిట్‌కెయిర్న్ గారు పిలిచాడు.

"ఫార్కర్, రేపట్నుంచి ప్యాంటు వేసుకురా."

"ఎందుకండీ?"

"ఇక్కడ కిల్ట్... బాగుండదు."

"ఏం బాగుండదండీ?"

ఆయన గోడకేసి చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. "చూడ్డానికి" అన్నాడు.

చూడ్డానికట! మేం చేసే బిస్కెట్ల డబ్బా మీద బొమ్మ ఎవరిది? కిల్ట్ కట్టి మీసం దువ్వుతున్న మనిషిది! డబ్బాకైతే అందం, నాకైతే అసహ్యమా? కోపం పట్టలేక పొద్దుగూకేదాకా మెట్లు ఎక్కుతూ, దిగుతూనే ఉన్నాను. నా పనీ అదేగా. పైన ఆఫీసులో చీటీలు తీసుకోవడం, కింద డబ్బాలు సర్దే ఆడవాళ్ళకి ఇవ్వడం. నేను మెట్లెక్కితే చాలు, వాళ్ళంతా నవ్వుతారు. ఎంత అభిమానమో! నేనూ చెయ్యి ఊపుతాను. ఇష్‌బెల్ అనే అమ్మాయి ఒక్కతే నవ్వదు. నాకు కావలసింది ఆ ఒక్క నవ్వే అనుకో.

ఏం చెయ్యమంటావో వెంటనే రాయి.

నీ ఫార్కర్

తా.క. నువ్వు అల్లిన పసుపుపచ్చ పొట్టి లాగు కిల్ట్ లోపల వేసుకుంటున్నాను. వెనకాల నువ్వేసిన ఆకుపచ్చ మాసిక గట్టిగానే ఉంది. మా మెట్లు ఇనుప జాలీవి, గాలి కిందనుంచి తన్నుకొస్తుంది.

*

లూయిస్ దీవి,
సోమవారం.

చిరంజీవి ఫార్కర్‌ని దీవించి మర్డీనా అత్త రాసేది.

నీ ఉత్తరం శనివారం సాయంత్రం అందింది. ఆదివారం కలం ముట్టకూడదు గనక ఒంటి మీద జెర్రులు పాకుతున్నట్టు కూర్చుని, తెల్లారీ తెల్లారగానే రాస్తున్నాను.

ఒరేయ్ అప్రాచ్యుడా, తప్పు ఆ పిట్‌కెయిర్న్‌ది కాదు, నీది! కిల్ట్ లోపల లాగు వేశావా? అందులోనూ పసుపుపచ్చదా? నేను అల్లింది ప్యాంటు లోపలికిరా. మీ నాన్న మంచులో గొర్రెల కోసం తిరిగాడు, సైన్యంలో చేరి బురదలో పడుకున్నాడు. ఎక్కడున్నా కిల్ట్ కింద ఒక్క నూలుపోగు ఎరగడు. మన మగవాళ్ళంతా అలాగే కట్టారు. ఆ మేనేజరు పద్ధతి తెలిసినవాడై ఉంటాడు. నువ్వు గాలిలా తిరుగుతావు గదా, లాగు బయటపడి ఉంటుంది. చూడలేక చెప్పాడు.

రేపే విప్పెయ్. తలెత్తుకో. అడుగు పెద్దదిగా వెయ్యి, కుచ్చిళ్ళు ఊగాలి. అప్పుడు నోరెత్తేవాడు ఎవడో నేనూ చూస్తాను.

నీ అత్త,
మర్డీనా

తా.క. లాగు పారెయ్యకు. ఉతికి పంపు. ముసలి పొట్టేలుకి జలుబు చేసింది.

*

డింగ్‌వాల్,
బుధవారం.

మర్డీనా అత్తకి, ఫార్కర్ నమస్కరించి రాసేది.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ మార్పు నువ్వు చూసి ఉండాల్సింది! నేను మెట్ల మీద నాలుగడుగులు వేశానో లేదో, నవ్వులు టక్కున ఆగిపోయాయి. చర్చిలో కూడా అంత నిశ్శబ్దం వినలేదు నేను. డబ్బాలు సర్దే గన్ గారి భార్య దేవుణ్ణి తలుచుకుంది. ఎవరి చేతుల్లోంచో పళ్ళెం జారింది. యంత్రం తన పాటికి తను బిస్కెట్లు తోస్తూనే ఉంది, పట్టుకునేవాళ్ళు లేక అవన్నీ నేల మీద కుప్ప. గౌరవమంటే అదీ!

కానీ ఇష్‌బెల్ ఏం చేసిందో తెలుసా? మొహానికి యేప్రన్ కప్పుకుని బయటికి పరిగెత్తింది. చెప్పు అత్తా, నేనంటే అంత అసహ్యమా?

మధ్యాహ్నానికి గోడ మీద ఉత్తర్వు అంటించారు. పనిలో కిల్ట్ నిషేధం. తిన్నగా పిట్‌కెయిర్న్ గారి గదికెళ్ళాను.

"లాగు విప్పేశాను కదండీ, ఇంకా ఏమిటి అభ్యంతరం?"

చేతిలో టీ ఒళ్ళో పోసుకున్నాడు. "విప్పేశావా? ఎందుకు విప్పావయ్యా?"

"మా అత్త విప్పమంది."

"మీ అత్త!" అని తల పట్టుకున్నాడు. "నీ మంచికే చెప్తున్నా. ఈ వారం దాటాక ప్యాంటులో కనపడు, లేదా ఇంటికి పో."

"పోతే కిల్ట్‌లోనే పోతానండీ" అని వచ్చేశాను. ఉద్యోగం ఊడినా సరే, నాన్న బట్ట విప్పను. అదే నిరసనగా పనున్నా లేకపోయినా మెట్లెక్కి దిగుతున్నాను.

నీ ఫార్కర్

తా.క. యూనియన్ నాయకుడు చెయ్యి పట్టుకుని, "మేమంతా నీ వెనకే ఉంటాం" అన్నాడు. కాస్త ఆగి, "మెట్ల మీద మాత్రం కాదు" అన్నాడు. ఎందుకన్నాడో బోధపడలేదు.

*

లూయిస్ దీవి,
సోమవారం.

చిరంజీవి ఫార్కర్‌కి మర్డీనా అత్త రాసేది.

మొన్న శనివారం మీ ఫ్యాక్టరీ దాకా వచ్చి, నీతో ఒక్క ముక్కయినా మాట్లాడకుండా వెనక్కి ఎందుకు పరిగెత్తానో చెప్పాలి. చెప్పడానికి నోరు రాదు గనక రాస్తున్నాను.

నేను ఓడెక్కి, బస్సెక్కి వచ్చింది ఆ పిట్‌కెయిర్న్ చెవి మెలేద్దామని. గొడుగు ఆయన బల్ల మీద కొట్టి, "మా అన్న కట్టిన బట్ట మీ కంటికి ఆనలేదా?" అని అడిగాను. ఆ మనిషి లేచి, "అమ్మా, ఒక్క నిమిషం ఇలా వచ్చి నిలబడండి" అని డబ్బాలు సర్దే చోటికి తీసుకెళ్ళాడు. "ఇప్పుడు పైకి చూడండి" అని తను కళ్ళు మూసుకున్నాడు.

చూశాను. సరిగ్గా అప్పుడే నువ్వు "అత్తా! వచ్చావా!" అంటూ రెండేసి మెట్లు దూకుతూ దిగావు.

ఒరేయ్, నిన్ను చిన్నప్పుడు తొట్లో కూచోబెట్టి రుద్ది రుద్ది స్నానం చేయించినదాన్ని. నాకు కొత్తేం కాదు. కానీ అంతమందిలోనా? అంత వెలుతురులోనా? జాలీ మెట్లలోంచి పైకి గాలి ఒక్కటే రాదురా, చూపు కూడా వస్తుంది! గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుని బస్సు దాకా ఆగలేదు.

పిట్‌కెయిర్న్ పెద్దమనిషి. చర్చిలో కానుకలు పట్టే మనిషి ఆ విషయం నీతో ఎలా చెప్తాడు? "చూడ్డానికి" అని ఒక్క మాట కూడదీసుకుని అన్నాడు పాపం. నువ్వేమో అవమానం అనుకున్నావు, నేనేమో లాగు విప్పించాను. ఇందులో పెద్ద వాటా నాదే.

సిగ్గుతో,
మర్డీనా అత్త

తా.క. లాగు తిరిగి పంపుతున్నాను. పొట్టేలు దాన్ని తొడుక్కోనని తన్నింది. దానికున్న బుద్ధి మనకి లేకపోయింది.

*

డింగ్‌వాల్,
ఆదివారం. నన్ను క్షమించు, రేపటిదాకా ఆగలేను.

మర్డీనా అత్తకి, ఫార్కర్ అనేక నమస్కారాలతో రాసేది.

నీ ఉత్తరం చదివి మంచమెక్కి గోడకేసి తిరిగాను. లేచాను. మళ్ళీ పడుకున్నాను. కెనడా ఓడెక్కేద్దామని పెట్టె సర్దాను, విప్పాను, సర్దాను. పనికి వెళ్ళలేదు. ఆ మెట్లు, ఆ నిశ్శబ్దం, నేను ఊపిన చెయ్యి తలుచుకుని దుప్పటి ముసుగేశాను.

మూడోసారి పెట్టె సర్దుతుంటే ఇష్‌బెల్ వచ్చింది. నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు తలుపు తెరిచే ఉంచి, మెట్ల దగ్గర కూర్చుని మేజోళ్ళు అల్లుకుంటూ చెవులు ఇటే పెట్టింది.

"పనికి రావేం?" అంది ఇష్‌బెల్.

"ఏ మొహం పెట్టుకుని రాను?"

"నీ మొహం ఎవరు చూశారు!" అంది. అనేసి నాలుక కరుచుకుంది. బయట మేజోళ్ళ సూది కింద పడింది.

నేను పెట్టె మూత వేశాను. తర్వాత తనే అంది, "మేనేజరుకి చెప్పింది నేనే."

"నువ్వా?"

"నేనే. నువ్వు ఎక్కినప్పుడల్లా ఆ పసుపు లాగు, దాని మాసిక చూసి పడీ పడీ నవ్వేవాళ్ళు. నువ్వేమో అభిమానమనుకుని చెయ్యి ఊపేవాడివి. నాకు కడుపు రగిలిపోయేది. నీతో చెప్పలేక ఆయనతో చెప్పాను. ఆయన ఏదో మాన్పిస్తాడనుకుంటే, నువ్వు ఉన్నది కూడా విప్పి వచ్చావు!"

"నువ్వు మొహం కప్పుకుని పారిపోతే, నేనంటే అసహ్యమనుకున్నాను."

"అందరితో కలిసి నిలబడి చూడ్డానికి, నువ్వు నాకు అందరిలాంటివాడివా?"

అత్తా, నేను కుర్చీలో కూర్చున్నాను. కదలకుండా. ఎంతసేపో తెలీదు. ఇంటి యజమానురాలు టీ తెచ్చి, నాకు ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టి చూసింది.

పిట్‌కెయిర్న్ గారు మెట్ల కింద చెక్కలు కొట్టించి, ఉత్తర్వు చింపేశాడట. రేపు పనికి వెళ్తున్నాను. గొర్రెలు ఈనడం అయిపోయాక మా పెళ్ళి. నువ్వు ముందుగానే రావాలి, ఈసారి గొడుగు మూసుకుని.

నీ ఫార్కర్

తా.క. పెళ్ళికి పిట్‌కెయిర్న్ గారినీ పిలిచాం. సంతోషంగా వస్తానన్నాడు. తను మాత్రం ప్యాంటులోనే వస్తానని సంతకం పెట్టి మరీ రాసిచ్చాడు.