రోల్ నంబరు ప్రకారమే

జూలై 8
ఫైనల్ ఇయర్ వాళ్లకి ల్యాబ్ జతలు వేశాను. రోల్ నంబరు ప్రకారం ఇద్దరిద్దరు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే పద్ధతి. స్నేహితుల్ని ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే అది ఫిజిక్స్ ల్యాబ్ కాదు, పిక్నిక్.

జూలై 22
ఆప్టిక్స్ మొదలైంది. అన్నీ డార్క్ రూమ్‌లోనే. జతకి ఒక గంట. ఇరవై మూడో నంబరు అమ్మాయి పార్ట్‌నర్‌ని మార్చమంది. కుదరదమ్మా అన్నాను.

జూలై 29
ఇరవై మూడు మళ్లీ వచ్చింది. మళ్లీ కుదరదన్నాను. దాని పార్ట్‌నర్ ఇరవై నాలుగు క్లాస్ టాపర్. వాడితో పడితే దానికే లాభం కదా! ఈ పిల్లలకి బుర్ర ఎప్పుడొస్తుందో.

ఆగస్టు 5
మూడోసారి. క్లాసంతా ఉండగానే అడిగింది. చిర్రెత్తుకొచ్చింది. నేనేమన్నా పెళ్లిళ్ల పేరయ్యనా, జతలు మార్చడానికి అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. తనూ నవ్వినట్టే ఉంది.

సెప్టెంబరు 2
అటెండెన్స్ షార్టేజ్ లిస్టు పంపాను. ఇరవై మూడు నెల రోజులుగా ల్యాబ్‌కే రాలేదు. పరీక్షకి కూర్చోనివ్వరు, ఏడాది పోయినట్టే. చేజేతులా చేసుకుంది.

సెప్టెంబరు 3, మధ్యాహ్నం 3.20
కంప్లైంట్స్ కమిటీ చూసే కెమిస్ట్రీ మేడమ్ పిలిచింది. కూర్చోమంది. ఇరవై మూడు రాసిచ్చిన కాగితం చదివి వినిపించింది.
డార్క్ రూమ్‌లో వెలుతురు పడే సన్నటి స్లిట్ సరిచేసే వంకతో ఇరవై నాలుగు ఒంటి మీద చేతులు వేసేవాడట. మొదటి వారం నుంచే. వద్దంటే రీడింగ్స్ ఇవ్వనన్నాడట. ఎవరితోనైనా చెబితే నిన్నెవరు నమ్ముతారన్నాడట. సార్‌ని మూడుసార్లు అడిగాను అని రాసింది. అంతే రాసింది. పేరయ్య మాట రాయలేదు. ఆ పిల్ల నన్ను కూడా కాపాడిందా?
నీళ్లు తాగాను.

అదే రోజు, 6.00
మా ఆవిడకి చెప్పాను. ఆమె నర్సు. అంతా వింది. తర్వాత, ఎవరైనా మూడుసార్లు కడుపునొప్పని వస్తే మేం రూల్ చెప్పి పంపించమండీ, ఎక్కడ నొప్పి అని అడుగుతాం అంది. కోప్పడి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 4
వాడేమన్నాడంటే, ఆమె బద్ధకంతో ల్యాబ్ ఎగ్గొట్టింది, లిస్టు చూశాక అటెండెన్స్ కోసం కథ అల్లింది అని. చీకటి గది, సాక్షి లేడు. జూలైలోనే తను బయటపడాలని చూసిందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మూడోసారి అడిగింది క్లాసు వాళ్లూ విన్నారు గానీ టాపర్ మీద ఎవడు నోరు విప్పుతాడు?
హెచ్‌ఓడీ కాఫీ తెప్పించాడు. రిటైర్‌మెంట్‌కి ఎనిమిది నెలలుంది, ఈ గొడవ నెత్తినేసుకోవడం ఎందుకు, నాకేమీ తెలియదని రాసెయ్యమన్నాడు. అది అబద్ధం కూడా కాదు. నాకేమీ తెలియదు. తెలుసుకోలేదు.

సెప్టెంబరు 5
రాయలేదు. ఆయన చెప్పిందీ లేదు, జరిగిందీ లేదు. పిరికివాణ్ణి.

సెప్టెంబరు 8
రాశాను. ముందు మూడు పేజీలు వచ్చింది. రెండున్నర పేజీలు నన్ను నేను వెనకేసుకొచ్చినవే. చించేశాను. చివరికి అర పేజీ. మూడు తేదీలు, మూడుసార్లు నేనన్న మాటలు. పేరయ్య మాటతో సహా. కమిటీ ముందు నేనే చదివాను. ఆ మాట గొణిగేశాను. మేడమ్ గట్టిగా చదవమంది. మళ్లీ చదివాను.

సెప్టెంబరు 9
హెచ్‌ఓడీ ఎదురుపడి ముఖం తిప్పుకున్నాడు. పోనీ.

సెప్టెంబరు 26
తీర్పు వచ్చింది. నా కాగితం చూశాక క్లాసులో ఇద్దరు అమ్మాయిలు కూడా విన్నామని రాసిచ్చారట. వాణ్ణి ఏడాది పాటు కాలేజీ నుంచి బయటికి పంపారు. ఇరవై మూడు పరీక్ష రాయొచ్చు, పోయిన ల్యాబులు మళ్లీ చేయించమన్నారు. నాకు మెమో. రావాల్సిందే.
జతలు ఇక పిల్లలే ఎంచుకుంటారని బోర్డు మీద రాశాను. పిక్నిక్ అయితే అయింది.

సెప్టెంబరు 29
వచ్చింది. వాళ్లక్కని తోడు తెచ్చుకుంది. తప్పు నాదమ్మా, క్షమించు అన్నాను. పర్లేదు సార్ అంటుందేమోనని ఎదురుచూశాను. సిగ్గులేకపోతే సరి. అనలేదు.
ఒకటే అడిగింది. మూడుసార్లు వచ్చాను కదా సార్, ఒక్కసారైనా ఎందుకమ్మా అని అడగలేదేం అంది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా డౌట్లు తీర్చాను. దీనికి మాత్రం డార్క్ రూమ్ తలుపు తీసి పక్కకి తప్పుకున్నాను.
వాళ్లక్క పక్కన నిలబడింది. పిల్ల రీడింగ్స్ తీసుకుంది. అన్నీ కరెక్టే.

అక్టోబరు 6
సెకండ్ ఇయర్ అమ్మాయి ఒకతె వచ్చి బల్ల మార్చమంది. పెన్ను పక్కన పెట్టి, ఎందుకమ్మా అన్నాను. అక్కడ ఫ్యాన్ తిరగదు సార్ అంది. మార్చాను.