పెట్టెలో పెట్టిన లాప్‌టాప్

హిందూపురం,
సోమవారం.

నాయనా,

అన్నని పాతిపెట్టిన పెట్టెలో వాడి లాప్‌టాప్ పెట్టానని నువ్వు చెప్పింది అబద్ధం. ఊరి ముందు, పాస్టరుగారి ముందు, అన్న మొహం ముందు చెప్పిన అబద్ధం. ఈ ఉత్తరంలో వందనాలు లేవు. ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అనే వాక్యమూ లేదు. నేను క్షేమంగా లేను. నీ సంగతి నువ్వు జవాబు రాస్తే తెలుస్తుంది.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి ముందు చెప్పేస్తాను, తర్వాత అడగలేదనొద్దు. అన్నం తింటున్నాను. గది కింద మెస్సులో మంగళవారం రాగి ముద్ద పెడతారు, మన గుడిబండ ముద్దకీ దానికీ పోలిక లేదు. తలనొప్పి తగ్గలేదు. ఫోను కొనిస్తానంటే వద్దన్నావు గనక మళ్ళీ అడగను. అన్న పోయిన సంగతి ఫోనులోనే విన్నావు, అప్పట్నుంచి దాన్ని ముట్టుకోవని నాకూ తెలుసు. చివర ఇంకొకటి అడిగావు. "అన్న కూర్చున్న కుర్చీలో కూర్చోవడానికి భయమేమీ లేదు గదా తల్లీ" అని. దానికి జవాబే ఈ ఉత్తరం.

అన్న పోయాక ఆఫీసువాళ్ళు ఆ పని నాకిచ్చారు. దయతో కాదు, ధర్మవరం మగ్గాల సర్వే సగంలో ఆగిపోయింది గనక. ఏ ఇంట్లో ఎన్ని మగ్గాలు, ఎవరు నేత మానేసి బెంగుళూరు పోయారు, ఇవన్నీ లెక్క కట్టాలి. దానికి ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. నాకెవరూ నేర్పలేదు. అన్న రాసి పెట్టినవి చూసి, వీడియోలు చూసి, తప్పులు చేసి నేర్చుకున్నాను.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. ఆర్ వట్టి మోటారు. దానికి ఏ పనికి ఆ సామాను తగిలించుకోవాలి. ఆ సామాన్లనే ప్యాకేజీలంటారు. ఈ ఏడు ఆఫీసులో పాత ఆర్ తీసేసి కొత్తది వేశారు. ఆ తర్వాతి సోమవారం పెద్ద లెక్కలు కట్టే ప్యాకేజీని పిలిచాను. తెర తెల్లబడింది. మధ్యలో బాంబు బొమ్మ వచ్చింది. పొద్దున్నించి చేసిందంతా పోయింది. మళ్ళీ తెరిచాను, పిలిచాను, మళ్ళీ బాంబు.

పక్క సీటు యామిని వంగి చూసింది. "దిష్టి తగిలినాది మే. ఒక నిమ్మకాయ కడదామా?" అంది. మళ్ళీ తనే, "మీకు నిమ్మకాయలు పనికిరావు గదా, ఏదన్నా బైబిలు వాక్యం అంటించుకో పో" అని నవ్వింది. మా విజయ్ కుమార్ సార్ నవ్వలేదు. "మీ అన్న ఉన్నప్పుడు ఇట్లా ఎప్పుడూ కాలేదే" అన్నాడు. ఆ మాటకి కీబోర్డు ఎత్తి విసిరేయాలనిపించింది.

నువ్వు మోటార్లు బాగుచేసే షెడ్డులో చేసేదే నేనూ చేశాను. తగిలించినవన్నీ విప్పేసి వట్టి మోటారు తిప్పాను. అంటే తెరవగానే చదివే ఆదేశాలేవీ లేకుండా ఆర్‌ని తెరిచాను. నిలబడింది. తర్వాత ప్యాకేజీలు ఒక్కొక్కటే తగిలించుకుంటూ పోయాను. పెద్ద లెక్కలదాని దగ్గరే పడిపోయింది. దాన్ని ఎక్కడినుంచి తెస్తున్నావని ఆర్‌నే అడిగితే రెండు చోట్లు చూపించింది. రెండోది ఆఫీసుది. మొదటిది నెట్‌లో ఉన్న అన్న ఫోల్డరు. దాని మీద ఇమ్మానుయేలు అని పేరు. ఏ సామాను కావాలన్నా సిస్టమ్ ముందు అన్న దగ్గరికే పోయి అడుగుతోంది. అక్కడున్నవన్నీ పాత ఆర్‌కి తయారైనవి. పాత మోటారు కప్లింగు కొత్త మోటారుకి బిగిస్తే ఏమవుతుందో నీకు చెప్పక్కరలేదు.

పాతవి చెరిపేసి, ఆఫీసు ఫోల్డరులో కొత్తవి వేశాను. వారమంతా నడిచింది. సోమవారం మళ్ళీ బాంబు. ఫోల్డరు తెరిచి చూస్తే నేను చెరిపినవి చెరిపిన చోటే ఉన్నాయి. వాటి మీద అన్న బతికున్నప్పటి తేదీలు. నేనే సరిగ్గా చెరపలేదేమోనని యామినిని పక్కన నిలబెట్టుకుని మళ్ళీ చెరిపాను. ఆ పై సోమవారం మళ్ళీ ఉన్నాయి. ఆ రోజు యామిని నిమ్మకాయల మాట ఎత్తలేదు. కుర్చీ కొంచెం అటు జరుపుకుంది.

ఆదివారం నేను ప్రార్థనకి పోకుండా ఆఫీసు తాళం అడిగి తీసుకున్నాను. పట్టపగలు. కింద పట్టుగూళ్ళ మార్కెట్టుకి పోయే ఆటోల చప్పుడు. నేను మూడోసారి చెరిపిన ఫోల్డరు ఖాళీగా ఉంది. అక్కడ మన ఊరి చర్చి గుడిలో ఆఖరి పాట అయిపోయే వేళకి అన్న పేరు పక్కన పచ్చ చుక్క వెలిగింది.

ఆ చుక్క ఏమిటో నీకు తెలియదు. ఆ మనిషి సిస్టమ్ ఎక్కడో తెరిచి ఉంటేనే అది వెలుగుతుంది.

తర్వాత ఖాళీ ఫోల్డరులోకి పాతవి ఒక్కొక్కటే రావడం మొదలైంది. చీమలు వరసగా పుట్టలోకి పోయినట్టు. నేను కీబోర్డు మీదనుంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాను. గదిలో ఎవరూ లేరు, అయినా కదిలితే ఎవరో చూస్తారనిపించింది. అన్నీ వచ్చాయి. చుక్క ఇంకాసేపు అట్లాగే ఉండి ఆరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆఫీసు సిస్టమ్‌లో ఎవరెవరో చెయ్యి పెట్టి తన ప్యాకేజీలు చెడగొడుతున్నారని అన్న ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. తన లాప్‌టాప్ తెరిస్తే చాలు, అందులో ఉన్నవన్నీ వాటంతటవే ఆ ఫోల్డరులోకి పోయి కూర్చుంటాయి. నాకు చూపించి ఎంత గర్వపడ్డాడో. "నేను యాడున్నా, నా సామాన్లు నాకంటే ముందే ఆఫీసుకి చేరాల మే" అన్నాడు.

అంటే ఎవరో ఆ లాప్‌టాప్ తెరుస్తున్నారు. నువ్వు పెట్టెలో పెట్టానన్న లాప్‌టాప్.

ధర్మవరం సర్వేకి పోయి వస్తూ పెనుకొండలో దిగి చౌడమ్మత్త ఇంటికి పోయాను. అన్నకి ఆఖరి బట్టలు తొడిగింది అత్తే గదా. అత్త వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తోంది.

"అత్తా, అన్న పెట్టెలో ఏమేం పెట్టినారు?" అన్నాను.

"బైబిలు ఎద మీద. ఆ కంప్యూటరు కాళ్ళ కాడ. నీలం చొక్కా చుట్టి నా చేతుల్తోనే పెట్టినా."

"మూత ఎవరేసినారు?"

"మీ నాయన. అందరూ బయటికి పోండి, నా కొడుకుతో ఒక్క మాట మాట్లాడుకుంటా అన్యాడు. మేం మళ్ళా వచ్చేతలికి మేకులు కూడా కొట్టేసినాడు." అత్త చేతులు ఆగిపోయాయి. "ఇప్పుడెందుకే అడుగుతాండావు?"

"ఊరికే అత్తా."

"ఊరికే అడిగే మొగమా అది? నిద్ర పోతాండావా లేదా?"

నేను గుప్పెడు కాయలు జేబులో వేసుకుని బస్సెక్కాను.

ఆ లాప్‌టాప్ ఏ నెట్‌కి తగులుకుంటోందో కూడా చూశాను నాయనా. మన గుడి వైఫై. అన్న ఒకసారి కలుపుకున్నాడు గనక ఎవరూ ఏమీ నొక్కకపోయినా దానంతటదే తగులుకుంటుంది. అది మన ఇంటిదాకా వస్తుంది. నిజమే. కానీ గుడి వెనక సమాధుల గోడదాకా కూడా వస్తుంది. ఇంట్లో సిగ్నలు తగ్గినప్పుడు అన్న అవ్వ సమాధి గట్టు మీద కూర్చుని పని చేసుకునేవాడు, నువ్వు తిట్టేవాడివి. ఇప్పుడు అన్న ఉన్నది అవ్వ పక్కనే. అందుకని నెట్ చూసి ఏమీ తేల్చుకోలేకపోయాను.

బ్యాటరీ అన్ని నెలలు నిలవదు. ఆ సంగతి నాకు తెలుసు. దాన్ని ఎవరో కరెంటుకి పెడుతున్నారు. ఆదివారం ప్రార్థన అయ్యాక పెడుతున్నారు. మన షెడ్డులో రైతులు తీసుకుపోకుండా వదిలేసిన మోటార్లు వరసగా ఉంటాయి గదా. ఆదివారం గుడినుంచి రాగానే, ఒంటిమీద తెల్ల చొక్కా కూడా విప్పకుండా, ఒక్కొక్కదాన్ని కాసేపు తిప్పి ఆపేది ఎవరు? అమ్మ ఉన్నప్పుడు చొక్కాకి గ్రీజు అంటుతుందని అరిచేది. "తిప్పకపోతే పట్టేస్తాదే" అనేది ఎవరు? లాప్‌టాప్ మోటారు కాదు నాయనా. తిప్పకపోయినా పట్టేయదు. నువ్వు తిప్పినప్పుడల్లా ఇక్కడ నా పని కూలిపోతోంది.

దాని గురించి నేను ముందొకసారి అడిగితే నువ్వేం రాశావు? "పెట్టెలో పెట్టిందాని గురించి మళ్ళా అడగొద్దు" అని రాశావు. ఉందనీ రాయలేదు, లేదనీ రాయలేదు.

ఇక్కడిదాకా కోపంతో రాశాను. ఇక రాయబోయేది రాయకూడదనుకున్నాను.

ఇది బాగుచేయడం పెద్ద పని కాదు. అన్న ఫోల్డరు వైపు చూడొద్దని ఆర్‌కి ఒక్క వాక్యం రాస్తే చాలు. మొదటి సోమవారమే నాకు తెలుసు. రాయలేదు. తప్పు ఎక్కడుందో దొరకలేదని సార్‌తో చెప్పాను. వారమంతా పని చేస్తాను, ఆదివారం పోయి ఆ చుక్క ముందు కూర్చుంటాను, సోమవారం బాంబు కోసం చూస్తాను. బాంబు వస్తే అన్న వచ్చిపోయినట్టు.

పోయిన వారం ఆ ఫోల్డరులో కాగితంలాంటి ఒక ఫైలు పెట్టాను. "అన్నా, తిన్నావా" అని తెలుగులో రాసి పెట్టాను. కొత్తగా ఏది వచ్చినా తన తెర మీద తెరుచుకునేలా అన్న ఏర్పాటు చేసుకున్నాడు. నిన్న చుక్క వెలిగింది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత నా మాట కింద ఒక అక్షరం పడింది. హెచ్. దాని పక్కన ఇంకొకటి. ఆగకుండా అదే అక్షరం, వరస నిండి, కింది వరస నిండి, పేజీ నిండి పోతూనే ఉంది. ఎవరో మీట మీద వేలు పెట్టి తీయడం మర్చిపోయినట్టు. నేను ఇక్కడ "ఎవరు" అని రాశాను. అక్షరాలు ఆగిపోయాయి. చుక్క ఆరిపోయింది.

అది నీ వేలైతే నాకు అర్థమవుతుంది. నీకు టైపు చేయడం రాదు. అన్న వేళ్ళు అరగదీసిన మీటల మీద చెయ్యి పెట్టి ఉంటావు. పెట్టుకో, కాదనను. నా కోపం దానికి కాదు. అన్నది మిగిలిన ఆ ఒక్క వస్తువునీ నువ్వొక్కడివే దాచుకున్నావు. నేను కూతుర్ని, ఖాళీ కుర్చీలో కూర్చుంటే చాలనుకున్నావు.

వచ్చే శనివారం సార్ అన్న ఖాతా మూసేస్తున్నాడు. మూస్తే ఫోల్డరు పోతుంది, చుక్క పోతుంది. ఆ తర్వాత నువ్వు ఎంత తిప్పినా ఇక్కడికి ఏదీ రాదు. అందుకని నాకు శుక్రవారం సాయంత్రంలోపు జవాబు కావాలి. పోస్టులో వేయొద్దు, అందదు. మధ్యాహ్నం హిందూపురం బస్సు కండక్టరు చేతికివ్వు, నేను స్టాండులో నిలబడతాను.

పెద్ద ఉత్తరం అక్కరలేదు. "తెరిచింది నేనే" అని రాయి. రాస్తే నేను ఒక్క మాట కూడా అనను. శనివారం పొద్దున్నే వచ్చేస్తాను, మూసేలోపల మన ఇంట్లో ఇద్దరం కలిసి ఒకసారి తిప్పుదాం.

నువ్వు కాదని మాత్రం రాయొద్దు నాయనా. నిజంగా నువ్వు కాకపోయినా, నువ్వేనని రాయి.

ఇట్లు,
శుక్రవారం బస్సు కోసం చూసే నీ కూతురు,
గ్రేస్.