డీజిల్ బండిలో పెట్రోల్

జూలై 8, మంగళవారం

బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. చిల్లకల్లు ఇంకా రాకముందే. పొద్దున ఇంటి దగ్గర స్టార్ట్ చేసినప్పుడు ఏమీ తెలీలా. నందిగామ దాటాక ఇంజన్ టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. ఎంత తొక్కినా పికప్ లేదు, వెనక తెల్లటి పొగ... పక్కకి తీసేలోపే చచ్చింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. సగం బండి రోడ్డు మీదే ఉంది. సిమెంటు లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ అద్దాన్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది. ఆ గాలికి బండి ఊగింది. దేవా...

వెనక హాస్టలు సరుకు. కూరగాయలు, గుడ్లు. ఆటోలోకి మార్చి జగ్గయ్యపేట చేర్చేసరికి ఒంటిగంట. ఆడపిల్లలకి పచ్చడేసి పెట్టేశారట. వార్డెన్ మేడం - "ఇంకోసారి ఇలా అయితే వేరే బండి చూసుకుంటాం సువార్తా."

బావకి ఫోన్ చేశా. "నీకేం కాలేదుగా?" మూడుసార్లు అడిగాడు. పెళ్లై పదకొండేళ్లు, ఇంకా బావా అనే పిలుస్తా. ఆ గొంతు వినేదాకా ఏడవలా. విన్నాక ఆగలా.

జూలై 9

మెకానిక్ మస్తాన్ గారు ట్యాంకు మూత తీసి వాసన చూశారు. "డీజిల్లో పెట్రోల్ కలిసిందమ్మా." డీజిల్లో ఉండే జిడ్డే ఇంజన్‌కి డీజిల్ అందించే పంపుకి నూనెట. పెట్రోల్ ఆ జిడ్డు కడిగేస్తే ఇనుముకి ఇనుము రాసుకుని అరిగిపోద్దట. నేనేమో ఊరి నుంచి అక్కడిదాకా దాన్ని తొక్కుతూనే ఉన్నా. వారం పైనే పట్టుద్దన్నారు. అందాకా హాస్టలు సరుకు ఆటోలోనే పంపాలి.

డీజిల్ కొట్టించింది సోమవారం సాయంత్రం, నందిగామ బంకులో. కొట్టింది నాగమణి. ఒళ్లు మండిపోయింది, అటే వెళ్లా. అందరి ముందు అరిచా. "ఫోన్ చూసుకుంటూ నా బండి చంపేశావ్" అన్నా. "డీజిలే కొట్టానక్కా, ఒట్టు. పెట్రోలైతే మొన్న మీ చందర్లపాడు దాకా ఎట్టా వెళ్లిందక్కా?" అని ఏడ్చింది ఆ పిల్ల. వినలా. మేనేజరు అప్పటికప్పుడే డ్యూటీ దిగిపొమ్మన్నాడు, మళ్లీ రావద్దన్నాడు.

స్కూటీ మీద నాతో వచ్చిన బావ పక్కనే ఉన్నాడు. అంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. నా కోసం బాధపడుతున్నాడనుకున్నా.

జూలై 10

ఆ పిల్ల మాటే చెవిలో. మొన్న ఇంటిదాకా ఎట్టా వెళ్లింది?

జూలై 11

మస్తాన్ గారు పంపు విప్పారు. గుడ్డ మీద పరిచి చూపించారు - మెరుస్తూ ఇనప రజను. "బంకులో తప్పు జరిగితే కొట్టిందంతా పెట్రోలే ఉండాలి కదమ్మా. ఇందులో చాలావరకు డీజిలే. తర్వాతెవరో పోశారు."

మూతకి తాళం ఉంది. తాళంచెవి ఇంట్లో మేకుకి ఉంటుంది.

ఇంకేం రాయను.

జూలై 12, శనివారం

ఉప్పు అయిపోయిందని కోటమ్మ పిన్ని కొట్టుకెళ్లా. తనే అడిగింది. "చర్చి మీటింగులు బాగా జరిగాయా? సోమవారం మీ ఆయన ఐదు సీసాల పెట్రోల్ పట్టుకెళ్లాడుగా, జనరేటర్‌కని."

ఏ మీటింగులూ లేవు.

ఉప్పు తీసుకోకుండానే వచ్చేశా.

జూలై 13

చర్చిలో పక్కపక్కనే కూర్చున్నాం. పాట పాడా, ఏం పాడానో తెలీదు. ఇంటికొచ్చి తలుపేసి అడిగా.

"నువ్వేనా బావా?"

మంచం మీద కూర్చుని కాలు రుద్దుకుంటున్నాడు. రెండేళ్ల కింద లారీ కింద పడి నలిగిన కాలు. అప్పటి నుంచే ఆయన నడిపే బండి నేను నడుపుతున్నా. కాలు వైపే చూస్తూ చెప్పాడు. తెల్లారగట్ల నేను స్నానానికి వెళ్లినప్పుడు పోశాడట. "నాలుగు రోజులు బండి ఆగుద్ది, హాస్టలు వాళ్లు ఇంకో బండి పెట్టుకుంటారు, నువ్వే మానేస్తావనుకున్నా."

ఎందుకు అని అడిగా.

"ఊళ్లో సువార్త బండంటున్నారు. నన్ను సువార్త మొగుడంటున్నారు. రత్నం అనేవాడు ఒకడున్నాడని ఎవరికన్నా గుర్తుందా?"

నాకు డ్రైవింగ్ నేర్పింది ఈయనే. పత్తి చేల పక్క మట్టిరోడ్డు మీద, ఎడం సీట్లో కూర్చుని, నా చేతి మీద చెయ్యేసి గేర్లు మార్పించాడు. లైసెన్సు వచ్చిన రోజు అందరికీ జిలేబీ పంచాడు. ఆ సంతోషం నిజమే. అది అబద్ధమంటే నేనే నమ్మను. మరి ఇది?

"రోడ్డు మీద ఆగుద్దని తెలీదా? పదిహేనేళ్లు నడిపావుగా?"

"ఊరు దాటకముందే ఆగుద్దనుకున్నా."

"బండిలో నేనున్నా బావా."

ఏడ్చాడు. నాకు ఏడుపు రాలా.

జూలై 14

వండా. పెట్టా. తిన్నాడు.

జూలై 15

బంకుకి నాతో రమ్మన్నా. "ఆ పని మాత్రం చెప్పకు" అన్నాడు. ఒక్కదాన్నే వెళ్లా. ముందు నాగమణి ఇంటికి వెళ్లి ఆ పిల్లని వెంట తీసుకెళ్లా. ఆ రోజు ఎక్కడ నిలబడి అరిచానో అక్కడే నిలబడి చెప్పా, తప్పు ఈ పిల్లది కాదు, నాదే అని. "మరి పెట్రోల్ ఎవరు పోశారు?" మేనేజరు అడిగాడు. "మా ఇంట్లోనే" అన్నా. అక్కడున్న మగాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మళ్లీ పనిలోకి తీసుకున్నారు. క్షమించమని చెయ్యి పట్టుకుంటే నాగమణి లాగేసుకుంది. "అందరి ముందు నన్నన్నారండి" అంది. అక్కా అనలా. నేను బావని ఎట్టా చూస్తున్నానో ఆ పిల్ల నన్ను అట్టా చూసింది.

జూలై 17

బండి రెడీ అయిందని మస్తాన్ గారు ఫోన్ చేశారు. అమ్మకి చెప్పాలా? బావ వాళ్ల అమ్మ, మా అమ్మకి వదిన. చెబితే రెండిళ్లూ అంటుకుంటాయి. చెప్పకపోతే నాలోనే...

జూలై 18, శుక్రవారం

జగ్గయ్యపేట. హాస్టలు వెనక గేటు దగ్గర బండిలోనే కూర్చుని రాస్తున్నా. గుడ్ల ట్రేలు దించుతున్నారు.

పొద్దున బయల్దేరుతుంటే బావ కాలీడ్చుకుంటూ వచ్చి ఎడం డోరు తీసి ఎక్కాడు. రమ్మనలా, దిగమనలా. దారంతా ఇంజన్ చప్పుడే వింటున్నా. ఎక్కడ కొంచెం తేడాగా వినిపించినా కాలు బ్రేకు మీదకి పోతోంది. బండి బాగానే నడుస్తోంది. చిల్లకల్లు దాటాక అన్నాడు, రోడ్డు వైపే చూస్తూ. "నీ పక్కన కూర్చోనిస్తే రోజూ వస్తా. వద్దంటే ఇక్కడ దిగి బస్సెక్కుతా. మళ్లీ ఈ బండి దగ్గరకి రాను."

"సరుకు దించాక చెప్తా" అన్నా.

ఇప్పుడు పక్కనే ఉన్నాడు. నేను రాస్తుంటే కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వార్డెన్ మేడం సంతకం పెట్టేసింది. కూరగాయల బస్తాలు ఇంకో రెండే ఉన్నాయి...